ఎక్కువ జీతమిచ్చే విదేశీ లీగ్‌కు మా తమ్ముడు ఇప్పుడే వెళ్లిపోవచ్చా?

ప్రశ్న: బ్రాడీపేట అన్నయ్య, గుంటూరు

అందరికీ నమస్కారం. మా తమ్ముడి విషయంలో నెల రోజులుగా ఇంట్లో తెగని చర్చ నడుస్తోంది. ఫుట్‌బాల్ వ్యవహారాలూ ఒప్పందాల సంగతులూ తెలిసినవారు ఇక్కడ ఉన్నారన్న నమ్మకంతో రాస్తున్నాను. కొంచెం పొడవైనా చివరిదాకా చదవగలరని మనవి.

తమ్ముడి వయసు 24. లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు రక్షణ ఆటగాడిగా ఆడతాడు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పెద్దవాళ్లు ఆడుతుంటే గోల్ వెనుక నిలబడి బంతులు అందిస్తూ ఆటలోకి వచ్చాడు. నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) దండిగా వచ్చే రోజుల్లో ఆయన చొక్కాకు పట్టిన ఘాటుకు తుమ్ముతూనే, తన బూట్లు తెచ్చారేమోనని తమ్ముడు ఆయన చేతిసంచి వెతికేవాడు. అలాంటి ఇంటినుంచి వెళ్లినవాడు ఇప్పుడు మన దేశపు రెండో శ్రేణి లీగ్‌లో ఒక క్లబ్బుకు ఆడుతున్నాడు. నెలకు 60,000 రూపాయలు, బస, భోజనం ఇస్తారు. ఒప్పందం రెండేళ్లది. వచ్చే మే 31తో ముగుస్తుంది.

ఆ క్లబ్బులో చేరిన మూడో నెలలోనే అతని కుడి మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ ఖర్చంతా క్లబ్బే పెట్టుకుంది. మైదానంలో అడుగు పెట్టలేని తొమ్మిది నెలలూ జీతం ఆపలేదు. అయితే ఇప్పుడు ఆ క్లబ్బుకే ఇబ్బందులు వచ్చినట్టున్నాయి, గత రెండు నెలల జీతం ఇంకా అందలేదు. అడిగితే వచ్చే వారం అంటున్నారు.

ఈలోగా ఒక ఏజెంటు ఫోన్ చేశాడు. గల్ఫ్‌లోని ఒక దేశపు రెండో శ్రేణి లీగ్‌లో మన రూపాయల్లో నెలకు 2,10,000 జీతం, ఇల్లు, ఏడాదికి రెండు విమాన టికెట్లు ఇప్పిస్తానంటున్నాడు. మూడు వారాల్లో బదిలీల గడువు ముగుస్తుంది కాబట్టి వెంటనే బయలుదేరాలనీ, ప్రస్తుత క్లబ్బుకు ముందుగా చెప్పవద్దనీ, వీసాకూ వైద్య పరీక్షలకూ 1,50,000 రూపాయలు కట్టాలనీ అంటున్నాడు.

వెళ్లిపోదామన్నది తమ్ముడి అభిప్రాయం. నాన్నగారు మాత్రం, “మోకాలు బాగు చేయించిన వాళ్లను చెప్పకుండా వదిలి వెళితే రేపు నువ్వు అద్దంలో ముఖం ఎలా చూసుకుంటావురా?” అంటున్నారు. ఒప్పందం మధ్యలో వెళితే వచ్చే చిక్కులేమిటి, డబ్బు కోసం క్లబ్బు మారడం నిజంగా తప్పేనా, అక్కడి జీతం మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి నా సందేహాలు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: గవర్నరుపేట న్యాయవాది, విజయవాడ

అన్నయ్య గారికి నమస్కారం. మీ మొదటి సందేహానికి నేను జవాబు చెప్పగలను. ముందుగా ఒక్క మాట: మూడు వారాల్లో చెప్పకుండా వెళ్లిపోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎందుకో వివరంగా రాస్తాను.

ఒక దుకాణంలో పనిచేసేవారు నెల రోజుల ముందు చెప్పి మానేసినట్టుగా ఫుట్‌బాల్ ఆటగాడు మానేయలేడు. అతనిది గడువున్న ఒప్పందం. గడువు తీరాలి, లేదా ఇద్దరూ ఒప్పుకుని రద్దు చేసుకోవాలి, అదీ కాకపోతే రద్దుకు న్యాయమైన కారణం ఉండాలి. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా నియమాల ప్రకారం 28 ఏళ్లు నిండకముందు చేసుకున్న ఒప్పందానికి మొదటి మూడు సీజన్లు గానీ మూడేళ్లు గానీ, ఏది ముందు ముగిస్తే అది, రక్షిత కాలంగా లెక్క. మీ తమ్ముడు ఇంకా ఆ కాలంలోనే ఉన్నాడు. ఈ సమయంలో సరైన కారణం లేకుండా ఒప్పందం తెంచుకుంటే పాత క్లబ్బుకు నష్టపరిహారం కట్టవలసి రావడమే కాక, నాలుగు నెలలు అధికారిక మ్యాచ్‌లు ఆడకుండా నిషేధం పడవచ్చు. పైగా అక్కడ పేరు నమోదు కావాలంటే మన సమాఖ్య నుంచి అక్కడి సమాఖ్యకు అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం వెళ్లాలి. ఒప్పందం అమలులో ఉందని ఇక్కడి క్లబ్బు అభ్యంతరం చెబితే, మీ తమ్ముడు పరాయి దేశంలో గదిలో కూర్చుని ఆ కాగితం కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

మీకు అనుకూలమైన విషయాలు కూడా ఉన్నాయి. ఒప్పందం ముగియడానికి ఆరు నెలలో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు, గడువు తర్వాతి కాలానికి ఆటగాడు వేరే క్లబ్బుతో ఒప్పందం రాసుకోవచ్చు. ఆ కొత్త క్లబ్బు బేరసారాలు మొదలుపెట్టే ముందు పాత క్లబ్బుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి, అంతే. మే 31కి ఆరు నెలలు కూడా లేవు కాబట్టి దొంగచాటుగా వెళ్లవలసిన అవసరమే లేదు. అన్నీ సక్రమంగా చేసుకుని జూన్‌లో దర్జాగా వెళ్లవచ్చు. ఈ హక్కు ఊరికే రాలేదు. బెల్జియంలో లియేజ్ క్లబ్బుకు ఆడే జాన్-మార్క్ బోస్మాన్ తన ఒప్పందం ముగిశాక ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకు వెళ్లబోతే, బదిలీ రుసుము పేరుతో అడ్డుపడ్డారు. ఆయన ఏళ్ల తరబడి పోరాడగా 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అప్పటివరకు గడువు తీరినా ఆటగాడు క్లబ్బు సొత్తులాగే ఉండేవాడు.

ఇక బకాయి సంగతి. కనీసం రెండు నెలల జీతం గడువుకు చెల్లించకపోతే, ఆటగాడు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. అప్పటికీ పూర్తిగా చెల్లించకపోతే ఒప్పందాన్ని రద్దు చేసుకోవడానికి అది న్యాయమైన కారణం అవుతుందని ఫిఫా నియమావళి చెబుతోంది. నోటీసు లేకుండా వెళితే తప్పు మీది, నోటీసు ఇచ్చి గడువు దాటాక వెళితే తప్పు వారిది. ఇంత చిన్న తేడా మీదే మొత్తం వ్యవహారం నిలబడుతుంది. ఇలాంటి దేశీయ వివాదాలు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలోని ఆటగాళ్ల హోదా సంఘం ముందుకు వెళతాయి కాబట్టి, నోటీసు రాసేముందు సమాఖ్య నియమాలనూ మీ ఒప్పందాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఏజెంటు గురించి నాకు గట్టి అనుమానం ఉంది. ఫుట్‌బాల్ ఏజెంటుగా పనిచేయాలంటే పరీక్ష రాసి ఫిఫా లైసెన్సు పొందాలి. లైసెన్సు ఉన్నవారి పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఏజెంటుకు రావలసింది ఒప్పందం కుదిరాక జీతంలో వాటాగా వస్తుంది. ముందుగా వీసా డబ్బు కట్టించుకోవడం ఏజెంటు పని కాదు. మరో మాట, వైద్య పరీక్షలో నెగ్గితేనే ఒప్పందం చెల్లుతుందన్న షరతును ఫిఫా ఒప్పుకోదు. పరీక్షలన్నీ సంతకానికి ముందే జరగాలి. ఆపరేషన్ అయిన మోకాలు కాబట్టి ఇది మీకు చాలా ముఖ్యం.

జవాబు: రైల్వే మైదానం పాత వింగర్, విజయవాడ

బాబూ, వకీలు గారు చట్టం చెప్పారు. నేను మీ రెండో సందేహం గురించి రాస్తాను, ఎందుకంటే ముప్పై ఏళ్లకు పైగా అది నా మనసులోనూ ఉంది.

డబ్బు కోసం క్లబ్బు మారడం తప్పు కాదు. మన హైదరాబాద్ ఆటగాళ్ల చరిత్రే ఇందుకు సాక్ష్యం. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచిన రోజుల్లో కూడా, ఆటను నమ్ముకుని బతకాలనుకున్న వారి చూపు కలకత్తా వైపే ఉండేది. సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ఆ తర్వాత మహమ్మద్ హబీబ్ వెళ్లారు. ఆ కాలంలో ఆటగాడికి జీతమంటే పోలీసులోనో రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం. హబీబ్ ఆ ఉద్యోగాలు వద్దనుకుని ఆటనే వృత్తిగా పెట్టుకున్నారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. 1977లో పేలే ఉన్న కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కూడా కొట్టారు. ఆయన 2023 ఆగస్టు 15న కన్నుమూస్తే, హైదరాబాద్‌తో పాటు కలకత్తా కూడా తన మనిషి పోయినట్టు బాధపడింది. మూడు క్లబ్బులు మారాడని ఆయనను ఎవరూ తక్కువ చేసి మాట్లాడలేదు.

నా విషయం కూడా చెబుతాను. నేను విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరాను. చేరిన ఏడాదికే కలకత్తాలో ఒక చిన్న క్లబ్బు వాళ్లు మా జీతానికి రెట్టింపు ఇస్తాం రమ్మన్నారు. అమ్మ ఏడ్చింది, నేను ఆగిపోయాను. ఉద్యోగం నన్ను చల్లగానే చూసింది, ఇల్లు కట్టుకున్నాను, పిల్లలను చదివించాను. అయినా బెజవాడ స్టేషన్లో హౌరా మెయిల్ ఆగిన ప్రతిసారీ, నా ఎడమ కాలు అక్కడ ఎంతవరకు పనికొచ్చేదో తెలుసుకోలేకపోయానే అన్న వెలితి ఇప్పటికీ కలుగుతుంది.

లెఫ్ట్ బ్యాక్ పని తేలికైనది కాదు. ముందుకు పరుగెత్తాలి, బంతి పోగానే అంత వేగంతోనూ వెనక్కి రావాలి. ఆపరేషన్ అయిన మోకాలితో మీ తమ్ముడికి ఇంకా ఏడెనిమిది సీజన్లు ఉన్నాయనుకోండి. నెలకు 1,50,000 తేడా అంటే పదకొండు నెలలకు 16,50,000 రూపాయలు. ఆ కమీషన్ కొట్టులో మీ నాన్నగారు ఎన్నేళ్లు పద్దులు రాస్తే అంత డబ్బు కళ్లజూస్తారో ఆయననే అడగండి.

అలాగని నాన్నగారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆట ఆడుతూ తగిలిన దెబ్బకు వైద్యం చేయించడం క్లబ్బు బాధ్యతే, అయినా తొమ్మిది నెలలు జీతం ఆపకపోవడం పెద్ద మనసు. బాధ్యతను సగంలో వదిలేసే యాజమాన్యాలను నేను కళ్లారా చూశాను. అందుకని మే 31 దాకా మిగిలిన ప్రతి మ్యాచ్‌లోనూ కాలు దాచుకోకుండా ఆడమనండి. జూన్‌లో వెళ్లబోయేవాడు మార్చిలోనే జాగ్రత్తగా అడుగులేయడం మొదలుపెడితే ప్రేక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది.

జవాబు: లక్ష్మీపురం పాఠకురాలు, గుంటూరు

పెద్దవారు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. అయినా ఒక విషయంలో గౌరవంగానే విభేదిస్తున్నాను. కలకత్తా వెళ్లిన మన ఆటగాళ్లకు జీతంతో పాటు ఆట స్థాయి కూడా పెరిగింది. గల్ఫ్ రెండో శ్రేణికి వెళితే మీ తమ్ముడికి జీతం పెరుగుతుంది, ఆట స్థాయి పెరుగుతుందో లేదో మాత్రం చూసుకోవాలి. 2017 జనవరిలో బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్ 25 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీని వదిలి షాంఘై వెళ్లాడు. ఎనిమిదేళ్ల పాటు ఉండి లీగ్ టైటిళ్లు కూడా గెలిచాడు, దండిగా సంపాదించాడు. కానీ బ్రెజిల్ జట్టులో మళ్లీ కనిపించలేదు. అది అతను తెలిసి చేసుకున్న ఎంపిక కాబట్టి నేను తప్పుపట్టను. మీ తమ్ముడికి భారత జట్టు మీద ఆశ ఉందా లేదా అన్నది ముందు అతన్నే అడగండి.

డబ్బు ప్రవాహం ఎప్పటికీ ఒకేలా ఉండదన్నది రెండో సంగతి. ఆ చైనా లీగ్‌లోనే జియాంగ్సు జట్టు 2020 నవంబరులో ఛాంపియన్ అయింది, 2021 ఫిబ్రవరి ముగిసేసరికి మూతపడింది. కప్పు ఎత్తిన ఆటగాళ్లు నాలుగు నెలలు తిరక్కుండానే క్లబ్బు లేనివారయ్యారు. సౌదీలో పరిస్థితి వేరు. అక్కడ 2023 జూన్‌లో ప్రభుత్వ పెట్టుబడి నిధి నాలుగు పెద్ద క్లబ్బుల్లో 75 శాతం వాటా తీసుకుంది. రొనాల్డో, బెంజెమా వంటివారికి ఇచ్చే జీతాల వెనుక ఉన్నది టికెట్ల రాబడి కాదు. అలాంటి అండ ఒక రెండో శ్రేణి క్లబ్బుకు ఉండదు. కాబట్టి ఆ క్లబ్బుకు డబ్బు ఎవరు పెడుతున్నారు, నిరుడు ఆడిన విదేశీ ఆటగాళ్లకు జీతాలు సక్రమంగా అందాయా అన్నది వారినే వెతికి అడగాలి. సామాజిక మాధ్యమాల్లో ఆటగాళ్లు దొరకడం ఈ రోజుల్లో కష్టమేమీ కాదు.

మోకాలి గురించి ఒక మాట. నేమార్ 2023 ఆగస్టులో సౌదీ క్లబ్బు అల్ హిలాల్‌లో చేరినప్పుడు, ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో ముంబయి సిటీతో ఆడటానికి నవంబరులో నవీ ముంబయి వస్తాడని మేము ముగ్గురం స్నేహితులం రైలు టికెట్ల కోసం కూడా వెతికాం. అక్టోబరులో బ్రెజిల్‌కు ఆడుతూ మోకాలి లిగమెంటు తెంచుకున్నాడు. సౌదీ క్లబ్బుకు మొత్తం ఏడు మ్యాచ్‌లు మాత్రమే ఆడి 2025 జనవరిలో సాంటోస్‌కు వెళ్లిపోయాడు. అంతటివాడికి బలమైన ఒప్పందం అండగా ఉంది. మీ తమ్ముడికి అదే మోకాలు మళ్లీ దెబ్బతింటే అక్కడి క్లబ్బు ఏం చేస్తుందో ఒప్పందంలో ఒక్క వాక్యమైనా ఉందా? బీమా ఎవరు కడతారు? ఆ వాక్యం లేకపోతే రెండు లక్షల జీతాన్ని నేను రెండు లక్షలుగా లెక్కపెట్టను.

అయితే ఇక్కడే ఉండిపోవడం క్షేమమని కూడా అనలేను. 2025 జూలైలో నిర్వహణ హక్కుల ఒప్పందం తేలక మన అగ్రశ్రేణి లీగ్ ఐఎస్‌ఎల్ సీజన్‌నే నిలిపివేశారు, కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. మన పక్కనే 2019లో మొదలై 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆ జట్టు పసుపు చొక్కా మా ఇంట్లో ఇంకా ఉంది.

జవాబు: దోహా నుంచి తిరిగొచ్చిన తెనాలి వాసి

నేను ఆటగాణ్ణి కాను, పదకొండేళ్లు అక్కడ లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. జీతం మీద అక్కడ ఆదాయపు పన్ను ఉండదన్నది నిజమే. జూన్‌లో వెళితే ఆ ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో 182 రోజులకన్నా తక్కువే ఉంటాడు, పన్ను లెక్కలో ప్రవాసి అయ్యే వీలుంది కాబట్టి ఇక్కడి పన్ను విషయం కూడా లెక్కల మనిషిని అడిగి తేల్చుకోండి. ఇల్లు అని నోటితో చెబితే చాలదు, ఒప్పందంలో రాయించండి, ఎందుకంటే అద్దె సొంతంగా కట్టుకోవలసి వస్తే జీతంలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. వీసా క్లబ్బు పేరు మీదే ఉంటుంది. కనుక జీతం ఆగిన రోజున ఇక్కడిలా సంచి సర్దుకుని రైలెక్కినట్టు రావడం కుదరదు. మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు, తిరుగు ప్రయాణానికి వేరుగా కొంత, ఎప్పుడూ చేతిలో ఉండాలి. సందర్శక వీసా మీద వచ్చేయండి, తర్వాత మారుస్తాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

బ్రాడీపేట అన్నయ్య మళ్లీ రాసినది

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత జరిగినదంతా చెప్పడానికి వచ్చాను.

ముందుగా ఏజెంటును లైసెన్సు నెంబరు అడిగాను. రేపు పంపుతానన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఫిఫా జాబితాలో అతని పేరు కనిపించలేదు. మేము నేరుగా ఆ గల్ఫ్ క్లబ్బు అధికారిక ఈమెయిల్‌కు రాశాం. తమ తరఫున మాట్లాడమని అతనికి తాము చెప్పలేదని నాలుగో రోజున జవాబు వచ్చింది. అయితే వచ్చే సీజన్‌కు లెఫ్ట్ బ్యాక్ కావలసిన మాట నిజమేననీ, పూర్తి మ్యాచ్‌ల వీడియోలు నాలుగు పంపమనీ అందులోనే రాశారు. తమ్ముడు ఆ జవాబును ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

బకాయి జీతానికి నోటీసు రాసి ఈమెయిల్ చేశాం, గుంటూరు హెడ్ పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టులో కూడా పంపాం. రాసేటప్పుడు నాన్నగారు పక్కనే కూర్చున్నారు. యార్డులో పద్దులు రాసే అలవాటు ఉన్న మనిషి కాబట్టి తేదీలూ అంకెలూ ఒకటికి రెండుసార్లు సరిచూశారు. అంతా అయ్యాక, మోకాలి ఆపరేషన్ చేయించినందుకు మా కుటుంబం కృతజ్ఞతతో ఉంటుందని ఒక వాక్యం చేరిస్తే తప్ప పంపడానికి వీల్లేదని పట్టుబట్టారు. చేర్చాం. తొమ్మిదో రోజున ఒక నెల జీతం జమ అయింది, పదమూడో రోజున రెండోది కూడా వచ్చింది. కాబట్టి సీజన్ పూర్తయ్యేదాకా తమ్ముడు ఇక్కడే ఆడతాడు, జూన్ తర్వాతి కాలానికి ఆ క్లబ్బుతో బహిరంగంగానే మాట్లాడతాడు.

ఒక్క చిక్కు మిగిలింది. ఒప్పందాన్ని మళ్లీ చదివితే మూడో పేజీలో ఒక నిబంధన కంటబడింది. మార్చి 31లోగా లిఖితపూర్వకంగా తెలియజేస్తే, క్లబ్బు తన ఇష్టం మీద ఇదే జీతానికి ఒప్పందాన్ని మరో ఏడాది పొడిగించవచ్చట. సంతకం పెట్టేటప్పుడు మేమెవరమూ దీన్ని గమనించలేదు. న్యాయవాది గారు దీనిపై మాట సాయం చేయగలరా? నోటీసులో కృతజ్ఞతల వాక్యం రాయడం వల్ల మా వాదన బలహీనపడుతుందా అన్నది కూడా నా భయం.

జవాబు: గవర్నరుపేట న్యాయవాది, విజయవాడ

ఆ వాక్యం వల్ల నష్టమేమీ లేదు, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇక పొడిగింపు నిబంధన గురించి. జీతం పెంచకుండా ఒక పక్షానికి మాత్రమే ఇష్టం వచ్చినట్టు పొడిగించుకునే హక్కు ఇచ్చే షరతులను ఫుట్‌బాల్ వివాద సంఘాలు చాలాసార్లు అనుమానంతోనే చూశాయి. అలాగని అది చెల్లదని మనంతట మనమే తీర్మానించుకుని కొత్త కాగితం మీద సంతకం పెడితే రెండు ఒప్పందాల మధ్య ఇరుక్కుంటారు. మార్చి 31 వచ్చేదాకా ఆగకుండా, పొడిగింపునకు తాను సిద్ధంగా లేనని తమ్ముడు తన సంతకంతో క్లబ్బుకు ఇప్పుడే ఒక లేఖ రాయాలి. గల్ఫ్ క్లబ్బుకు కూడా ఈ నిబంధన ఉన్న సంగతి దాచకుండా చెప్పాలి. మూడో పేజీతో పాటు సంతకాలున్న చివరి పేజీ కూడా ఫొటో తీసి పంపండి. లేఖ ముసాయిదా ఆదివారం లోగా రాసి ఇస్తాను, తమ్ముడు మాత్రం ఈలోపు వీడియోలు పంపేయవచ్చు.